‘తడిసిన అగ్గిపెట్టె’కు రెండో శ్రోత

‘రంపం’ అనే పాత బ్యాండు డ్రమ్ము కొడితే కాకినాడ రేవులో ఓడలు తాళ్లు తెంచుకునేవని విశ్వేశం కోతలు కోస్తాడు. వాళ్ల పాటల్లో ఎవరూ పట్టించుకోని ‘తడిసిన అగ్గిపెట్టె’ అంటే ఆయనకు ప్రాణం. గిటారు ఆగి, గాయకుడు ఊపిరి పీల్చుకునే చోట కళ్లు మూసుకుంటాడు.

ఇప్పుడు ఎవరి చెవికి తగ్గ పాటను వాళ్ల చెవియంత్రమే అల్లిపెడుతోంది. ఆ పాత పాటకు మిగిలిన శ్రోతలు ఇద్దరే: విశ్వేశం, ఊరూ పేరూ తెలియని మరొకరు. అవతల ఆ రెండో శ్రోత పాట పెట్టుకుంటే ఇక్కడ విశ్వేశం ఇంటి మాటలాడే గోడమీద ఓ దీపం వెలుగుతుంది. రోజూ పొద్దున్నే అది వెలగగానే, “లేచావా బావా!” అనేవాడు విశ్వేశం.

“గోడతో బావగారి సరసాలేంటండీ?” అని భార్య సుభద్ర దెప్పేది.

ఇవాళ దీపం వెలగలేదు. రెండో శ్రోత మరణించారని గోడ చెప్పింది.

విశ్వేశం పెరట్లోకి నడిచి, కట్టుబట్టలతోనే తలమీద చన్నీళ్లు గుమ్మరించుకున్నాడు.

“అయ్యో, ఎవరు పోయారండీ?”

“పేరు తెలీదే. మనవాళ్లే.”

సుభద్ర చెంబు అందుకుని, తనూ నెత్తిన నీళ్లు పోసుకుంది.