కదలకు బావా

ఊరి నడిబొడ్డున ఉన్న బజారును సగం పడగొట్టేశారు. మిగిలిన సగాన్నయినా ఫిల్ములో దాచుకుందామని, ఫోటో స్టూడియో పెద్దాయన తన పాత రీలు కెమెరాను చీకటి పడ్డాక స్టాండు మీద నిలబెట్టాడు. పగలంతా లారీల దుమ్మే. రాత్రి వీధి దీపం గుడ్డిది కాబట్టి షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి.

ఎదురుగా గొయ్యి. మొన్న ఎండాకాలం దాకా అక్కడ అతని బావ టైలరు దుకాణం ఉండేది. దుకాణం పోయిన నెలకే బావా పోయాడు. ఎంత బతిమాలినా ఫోటోకి కుదురుగా కూర్చున్న మనిషి కాదు. "నీ ముందు బిగుసుకుని కూర్చుంటే ఈ జాకెట్లు నువ్వు కుడతావా?" అనేవాడు.

పెద్దాయన షట్టరు తెరిచాడు. గాలి లేదు. కుక్క కూడా మొరగలేదు. కాసేపటికి గొయ్యిలోంచి టకటకమని కుట్టు మిషను చప్పుడు మొదలైంది. ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ, అచ్చం బావ తొక్కినట్టే.

పెద్దాయన పారిపోదామనుకున్నాడు, కానీ షట్టరు తెరిచే ఉంది. చివరికి, "కదలకు బావా, ఫోటో తీస్తున్నాను," అన్నాడు.

చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. షట్టరు మూయడానికి అతనికి చెయ్యి రాలేదు. అప్పుడు గొయ్యిలోంచి, విసుగ్గా, "అయిందా?" అని వినిపించింది.

"ఇంకాసేపు బావా," అన్నాడు పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.