సగం తాజ్‌మహల్

"ఇది లింగం పరదా." మొగులమ్మ ఫోటోను మంచం మీదికి విసిరేసింది.

ఆమె మొగుడు పెద్దరాములు దాన్ని గబుక్కున చేతిలోకి తీసుకున్నాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీ లోడుతో ఆగ్రా దాకా లారీ తోలుకుపోయి, తాజ్‌మహల్ ముందు నిలబడి ఫోటో దిగి మరీ తెచ్చిన మనిషి. సంగారెడ్డిలో లింగం స్టూడియో ఉందని, అందులో తాజ్‌మహల్ బొమ్మ వేసిన పరదా ఉందని, తాలూకాలో కొత్త జంటలన్నీ దాని ముందే ఆగ్రా చూసొస్తారని అప్పుడు తట్టలేదు.

"నేను ఆగ్రా పోకుంటే నా కండ్లు పోవాలె."

"కండ్లెందుకు పోతయ్? పది దినాలు జోగిపేటల ఆ కుట్టుమిషన్ విజయకుమారిని సూసుకుంట మంచిగనే ఉన్నయ్ గద."

మూట అప్పటికే కట్టి ఉంది. మొగులమ్మ పుట్టిల్లు భానూరు. ఒకసారి పోయిందంటే తిరిగొచ్చే రకం కాదు. అది తలుచుకుంటేనే పెద్దరాములుకు ఏడుపొచ్చింది.

"నడువ్. లింగన్ననే అడుగుదం," అంది మొగులమ్మ.

స్టూడియోలో ఆమె ఫోటోను పరదా పక్కన పెట్టి చూసింది. పరదా మీద తాజ్‌మహల్ మొత్తం ఉంది. పైన చందమామ, కింద రెండు హంసలు అదనం. ఫోటోలో మాత్రం అంచున మొగుడు, వెనక సగం గుమ్మటం. అంతే.

"తక్కిన సగమేది?"

"గంత పెద్దది ఫోటోల ఎట్ల పడతది?" పెద్దరాములు చెమట తుడుచుకున్నాడు.

లింగం ఫోటో తీసుకుని అంచులు బొటనవేలితో తడిమాడు. పెద్దరాములు వైపు ఓసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సూడు చెల్లె, తాజ్‌మహల్ మొత్తం పట్టేది నా పరదా మీదనే. అసలుది ఎవని కెమెరా డబ్బాల పట్టదు. నేను గిట్ల సగమే తీసిస్తే గిరాకోళ్లు నన్ను తంతరు. ఇది అసలుదే."

మొగులమ్మ ఆలోచించింది. నిండుగా ఉన్నది బొమ్మ, తెగిపోయినట్టున్నది నిజం. మాట సబబుగానే తోచింది.

ఇంటికి పోయి మూట విప్పింది. కోడిని కోసింది. బంగారమసుంటి మొగుణ్ణి ఊరికే అనుమానించానే అని కూర కలుపుతూ కాస్త ఏడ్చింది కూడా. పెద్దరాములు పెద్ద మనసు చేసుకుని క్షమించాడు.

మిగతా సగం తాజ్‌మహల్, దాని ముందు నవ్వుతూ నిలబడ్డ విజయకుమారితో సహా, జోగిపేటలో కుట్టుమిషన్ సొరుగులో భద్రంగా ఉంది.