పొట్టివాడికి ఏ శక్తీ లేదు

కాలింగ్ బెల్ మోగితే చాలు, టైలరమ్మ గుండె ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే కొట్టుకుంటుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం కూడా అంతే. కుడుతున్న కాలరు వదిలేసి తలుపు సందులోంచి తొంగి చూసింది.

ఎవరో ముసలాయన. గేటుకంటే జానెడే ఎత్తు. చంకలో సంచి. ఎడమ బూటు లేసు ఊడి, నేల మీద జీరాడుతోంది.

"బొమ్మలు గీసే అమ్మాయి ఇల్లు ఇదేనా అమ్మా?"

అనుకున్నంతా అయింది!

టైలరమ్మ కూతురు ఓ చిన్న కంపెనీలో పిల్లల కామిక్స్‌కి బొమ్మలు గీస్తుంది. పెద్ద కంపెనీవాళ్ళ 'పిడుగుదండు'లోని వీరులను చూసి, సరదాగా 'మెరుపుదండు' పుట్టించింది. అక్కడ ఆకాశంలో ఎగిరేవాడుంటే, ఇక్కడ ఎగరబోయి కరెంటు తీగలకు చిక్కుకునేవాడు. అక్కడ కొండ ఎత్తేవాడుంటే, ఇక్కడ ఎత్తిన కొండను ఎక్కడ దించాలో తెలియనివాడు.

అక్కడున్న, ఏ శక్తీ లేని పొట్టివాణ్ణి మాత్రం ఉన్నవాణ్ణి ఉన్నట్టే దించింది. వీరులంతా గాల్లోకి లేచిపోతే, వెనక తలుపులన్నీ వేసి నడిచొచ్చేది వాడే.

"వాణ్ణి వెక్కిరించడానికి చెయ్యి రాలేదమ్మా" అంది.

పెద్ద కంపెనీ ఊరుకుంటుందా? కేసు వేస్తామని ఉత్తరం రాసింది. అప్పటి నుంచి టైలరమ్మ కళ్ళ ముందు కూతురి చేతులకు బేడీలే.

"ఇక్కడ అమ్మాయిలెవరూ లేరు" అంది ముసలాయనతో.

ఆమె వెనక గోడ నిండా మెరుపుదండే.

ముసలాయన అటు చూసి నవ్వాడు. "అయితే ఇవన్నీ మీరే గీశారా?"

"నేనా? నాకు సున్నా చుట్టడమే సరిగా రాదు!"

ఆయన ఒక్కో బొమ్మనూ కళ్ళతోనే తడుముతున్నాడు. సాక్ష్యాలు పోగేస్తున్నాడు, సందేహం లేదు.

"మీరు కోర్టు మనిషా అయ్యా?"

"కోర్టా? నా మాట మా ఇంట్లోనే చెల్లదు తల్లీ."

మాటకారి! ఇలాంటివాళ్ళే కొంప ముంచేది.

"అమ్మాయి ఊరెళ్ళింది. ఆర్నెల్లదాకా రాదు."

ముసలాయన నవ్వు వాడిపోయింది. సంచిలోంచి ఓ కవరు తీశాడు.

"ఎలాగైనా గురువారంలోపు అందేలా చూడండి."

ఎంత శత్రువైనా ముసలివాడు కదా. టైలరమ్మ నోరు ఊరుకోలేదు. "ఆ లేసు కట్టుకోండి. పడతారు."

"ముప్ఫై ఏళ్ళుగా పడలేదులెండి" అని, గేటు దగ్గరగా లాగి, గడియ కూడా వేసి వెళ్ళాడు.

నోటీసు చేతికి అందకపోతే కేసు నిలవదని గుండీలు అమ్మే ఆయన ఎప్పుడో చెప్పాడు. టైలరమ్మ కవరును గుడ్డపీలికల సంచి అడుగున తోసేసింది.

గురువారం సాయంత్రం కూతురు ముఖం వాచిపోయేలా ఏడ్చి వచ్చింది.

"అయిపోయిందమ్మా. రేపు పుస్తకాలన్నీ ముక్కలు చేసేస్తారు. నా ఉద్యోగమూ అంతే."

"అదేంటే? నోటీసు నీకు అందనే లేదుగా!"

"ఏ నోటీసు?"

టైలరమ్మ నాలుక కరుచుకుంది.

"పిడుగుదండు మొదట గీసినాయన 'నాకు అభ్యంతరం లేదు' అని రెండు ముక్కలు రాస్తే చాలన్నారు మా సారు. హక్కు ఆయనదేనట. కానీ కంపెనీ ఒక్క పుస్తకంలోనూ ఆయన పేరు వెయ్యలేదు. ఎవరని వెతకను? అసలు ఏ నోటీసమ్మా?"

టైలరమ్మ పీలికల సంచి బోర్లించింది.

కవరులో రెండు కాగితాలు. మొదటిది కూతురు పైకి చదివింది.

"అమ్మాయీ, నీ మెరుపుదండు చూసి పడి పడి నవ్వాను. పిడుగుదండును మొదట గీసినవాడిగా నాకు ఏ అభ్యంతరమూ లేదు. సంతకం పెట్టాను, ఎవరికైనా చూపించు. గురువారం మూడు గంటల రైలుకు ఈ ఊరు వదిలేస్తున్నాను. ఈలోపు ఒక్క పూట నీ పక్కన కూర్చుని, నువ్వు గీస్తుంటే చూడాలని ఉంది."

గడియారంలో ఆరున్నర.

"ఎక్కడికి వెళ్ళేదీ రాశారా?"

"లేదమ్మా. పుస్తకం బతికింది" అంది కూతురు. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.

రెండో కాగితం మీద పెన్సిల్ బొమ్మ. పిడుగుదండు పొట్టివాడు నేల మీద కూర్చుని, మెరుపుదండు పొట్టివాడి బూటు లేసు కడుతున్నాడు. తన ఎడమ బూటు లేసు మాత్రం ఊడే ఉంది.

"వీడి లేసు ఊడిందేమే?" టైలరమ్మ బొమ్మను దగ్గరికి లాక్కుంది.

"మొదటి పుస్తకం నుంచీ అంతేనమ్మా. ఎందుకో ఎవరికీ తెలీదు."

ఎందుకో టైలరమ్మకు తెలుసు: సోమవారం మధ్యాహ్నం గేటు గడియ వేసి మరీ వెళ్ళింది ఆ పొట్టివాడే.