అన్నయ్య ప్రార్థన

పక్షవాతంతో మంచాన పడ్డ తమ్ముడి పక్కన టైలరు కూర్చున్నాడు. ఆరేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. చర్చిలో వాక్యం చెప్పేది కూడా అతనే; ఆ ఉదయం క్షమాపణ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలోనే ఆపేసి, నేరుగా ఇక్కడికి వచ్చాడు.

"తప్పు నాదేరా. క్షమించానని ఒక్క మాట అను."

తమ్ముడి పెదవులు వంకరగా కదిలాయి. ఏదో మూలుగు వచ్చింది. టైలరు చెవి దగ్గరగా పెట్టాడు. ఔనంటున్నాడో, పొమ్మంటున్నాడో తెలియలేదు. పలక తెచ్చి బలపం చేతికిస్తే, అది వేళ్లలోంచి జారిపోయింది.

"ఏమంటున్నాడమ్మా?" అని మరదలిని అడిగాడు.

"నాకూ అర్థం కావట్లేదు బావగారూ." ఆమె దుప్పటి సర్దింది. "మంచాన పడకముందు నెలంతా రోజూ సాయంత్రం మీ ఇంటికొచ్చారు."

"మా ఇంటికా? నాకు కనబడలేదే."

"మీతో రాజీపడదామనే వచ్చేవారు. అన్నయ్య ప్రార్థనలో ఉన్నాడు, మధ్యలో పిలిస్తే బాగుండదని గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు."

టైలరు కిందపడ్డ బలపం తీసి పలక మీద పెట్టాడు.

"మీ ప్రార్థన బయటికి వినబడేదట బావగారూ. 'ప్రభువా, నా తమ్ముడి మనసు మార్చు' అని."