జాజితో కలిపి ముగ్గురు

"ఈ ముసిలి కుక్కను విమానం ఎక్కిస్తారంట! యాడన్నా ఉండాదా ఈ ఇడ్డూరం?"

అక్కయమ్మ టాక్సీకి అడ్డంగా నిలబడింది. వెనక సీటులో కూర్చున్న కొత్త కోడలు చైత్ర ఒళ్లోని జాజిని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. బాగేపల్లి పుట్టింటినుంచి వెంట తెచ్చుకున్న పొమేరియన్ అది. పళ్లు దాదాపు ఊడిపోయాయి. ఒక కంటికి పొర కమ్మింది. గులాబీరంగు నాలుక కొస మాత్రం ఎప్పుడూ బయటే. ఆ కొస చూస్తే చాలు, చైత్రకు నవ్వొస్తుంది.

"కాగితాలన్నీ సరిగ్గా ఉండాయి అత్తమ్మా. జర్మనీవాళ్లే రానిస్తాండారు."

"జర్మనీవాళ్లకు కుక్కలు లేవా? కెంచార్లహళ్ళి నుంచి పోవల్లనా? నమిలేకి పళ్లు లేవు, మొరిగేకి గొంతు లేదు. ఆడికి పోయి ఏం ఊడబొడుస్తాదంట?"

చైత్ర పెదవి విరిచింది. పట్టుపురుగుల తట్టలు, టమోటా మార్కెట్టు తప్ప ఇంకేమీ పట్టని మనిషి. ఈవిడతోనా వాదన? ముందు సీటులోని మొగుడి వైపు చూసింది. పురుషోత్తమ్ ఫోనులోకి తల దూర్చేశాడు. అమ్మా పెళ్లామూ ఎదురుపడితే అతనికి అదే కోట గోడ.

"దించు దాన్ని. మేకల కొట్టంలో పడుంటాది."

"కొట్టంలోనా? జాజి కుక్క కాదు అత్తమ్మా. మా ఇంటి మనిషి."

"మనిషా!" అక్కయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వింటాండావా అప్పా పురుషోత్తమా? నీ పెండ్లాం కుక్కను మనిషంటాండాది."

"అంటాను. మీరు ఒప్పుకోకపోయినా అంటాను."

"మాట మార్చవు కదా?"

"ఎందుకు మారుస్తాను?"

అక్కయమ్మ వంగి కిటికీలోంచి జాజిని ఎగాదిగా చూసింది. జాజి ఆవలించింది.

"సరే. మనిషే. నేనూ ఒప్పుకుంటి."

చైత్ర తన చెవులను తాను నమ్మలేకపోయింది. పెళ్లయినప్పటినుంచీ 'ఆ బొచ్చుముద్ద' అంటూ ఈసడించిన నోరేనా ఇది? ఆనందం పట్టలేక జాజి నెత్తిన ముద్దు పెట్టింది.

"ఒప్పుకుంటినా? ఇప్పుడు లెక్క చూడు," అంది అక్కయమ్మ. "నువ్వొకదానివి, వాడొకడు, ఇదొకటి. ముగ్గురు. మంచి పనికి ముగ్గురు కలిసి గడప దాటకూడదు. మన ఇంట్లో ఎవురూ దాటలేదు."

"డ్రైవరు ఉండాడు కదా, నలుగురం."

"వాడు ఏర్‌పోర్టు కాడ దింపి ఎనిక్కి వచ్చేస్తాడు."

ఇదా చదువుకున్నవాళ్లను ఆపే అడ్డు! చైత్రకు జాలిలాంటి నవ్వొచ్చింది. "దానికేముంది? ఒక రాయి సంచిలో వేసుకుంటే నాలుగోది అయిపాయె. ముగ్గురం నందికి పోయేటప్పుడు మా అమ్మ అట్లే చేస్తాది."

"నంది కొండకు పోయినట్లా జర్మనీకి పోయేది? చెకింగులో రాయి తీసి బుట్టలో పారేస్తారు. మళ్లా ముగ్గురే. సముద్రం దాటేదాకా నాలుగో ప్రాణం ఉండల్ల. లేదంటే చెప్పు, ఇది మనిషి కాదని. కొట్టంలో కట్టేస్తా."

జాజి నాలుక కొస చైత్ర మణికట్టుకు వెచ్చగా తగిలింది. మాట మార్చడమంటే ఈ వెచ్చదనాన్ని కొట్టంలో వదిలిపోవడమే. అటు రాహుకాలం ముంచుకొస్తోంది. చైత్రలో ఇన్నాళ్ల చిరాకూ ఒక్కసారిగా పొంగింది.

"అయితే ఆ నాలుగో మనిషిని మీరే చూపించండి అత్తమ్మా! జాజి పక్కనే కూర్చోబెట్టుకొని తీసుకుపోతాం. అంత పనిలేని మనిషి ఈ తాలూకాలో యాడన్నా దొరికితే!"

"ఒట్టా?"

"జాజి మీద ఒట్టు!"

ముందు సీటులో పురుషోత్తమ్‌కు పొలమారింది. అంతలో ఇంట్లోంచి మామగారు బయ్యప్ప బయటికొచ్చాడు. ధర చీటీ ఇంకా వేలాడుతున్న పెద్ద సూట్‌కేసును పెళ్లికొడుకంత హుషారుగా మోసుకొచ్చి, నేరుగా డిక్కీలో పెట్టాడు.

అక్కయమ్మ కారు తలుపు తీసి, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ లోపలికెక్కింది. జాజిని అందుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"జరుగమ్మా. నాకూ వీసా, టికెట్టు వచ్చిన కాడినుంచి ఈ ముసిలిదాన్నే నమ్ముకోని ఉండాను."