అరువు సీసా

“పరీక్షలో తేలింది. రేపట్నుంచి రాకు,” అన్నాడు సూపర్‌వైజర్ జగన్నాధం, మొహం చూడకుండా.

హేమకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంత అబద్ధం! పరీక్షలో తేలే అవకాశమే లేదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

భోగాపురం దగ్గర రొయ్యల కంపెనీ అది. పొద్దస్తమానం మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసే పని. ఆ ఏడాది, రెండువేల పదిహేడులో, కాన్పుకి ఆరు నెలలు జీతంతో సెలవివ్వాలని కొత్త చట్టం వచ్చింది. ఆడవాళ్లు సంబరపడేలోపే కంపెనీకి సీసాలొచ్చాయి. పెళ్లయిన ప్రతి ఆడదీ రెండు నెలలకోసారి సీసాలో మూత్రం పట్టి, పేరు రాసి ఇవ్వాలి. తేడా వస్తే గేటు బయటే. కడుపుతో ఉన్నదాన్ని తీసెయ్యకూడదని చట్టంలో ఉంది కదా, అందుకని తనంతట తనే మానేసినట్టు సంతకం పెట్టించుకుంటారు. ఎంత తెలివి!

హేమకి రెండో నెల. భర్త గోవింద్ గుజరాత్ బోట్ల మీద వేటకెళ్లాడు. ఇప్పట్లో రాడు. కడుపు కనబడేదాకా నెట్టుకొస్తే, అప్పుడు యూనియన్‌వాళ్లని పట్టుకుని సెలవు రాబట్టుకోవచ్చని ఆమె ఆశ.

విషయం పక్కింటి దేముడమ్మకొక్కర్తికే చెప్పుకుంది. కంపెనీలో ఇద్దరిదీ ఒకే లైను. దేముడమ్మకి పెళ్లై పదకొండేళ్లు. పిల్లల్లేరు. “నీకెందుకే పరీక్ష, సీసా దండగ,” అని జగన్నాధం అందరి ముందూ నవ్వి ఆమెని వదిలేశాడు. ఆ రోజు దేముడమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఏడుపయ్యాక తనే అంది. “పోన్లే, నీకు పనికొచ్చినాది. నాది పట్టి తెస్తాను, నీ పేరు మీద ఇచ్చీ.”

అన్నట్టే దగ్గుమందు సీసాలో పట్టి తెచ్చింది. హేమ తన సీసాలో ఒంపుకుని ఇచ్చేసింది. ఇంక పరీక్షలో తేలడమేమిటి?

ఎవరో చెప్పారు. తెలిసింది ఒక్కరికే.

హేమ తిన్నగా దేముడమ్మ గుమ్మంలోకి వెళ్లింది.

“ఎంత పని సేసినావప్పా! ఆడికి సెప్పీసినావా?”

“నేనేటి సెప్పానే? అమ్మతోడు, ఎవులికీ సెప్పనేదు. నాదే పట్టి తెచ్చినాను.”

“మరి ఆడికెలా తెలిసిపోనాది? నీకు నేదు, నాకున్నాదని కళ్లల్లో నిప్పులు పోసుకున్నావు!”

దేముడమ్మ మొహం మాడిపోయింది. గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. అదే ఒప్పుకోలు అనుకుంది హేమ. తోడబుట్టినదానికన్నా ఎక్కువనుకున్న మనిషి! పని పోయినందుకు కాదు, పోగొట్టింది ఈమె అయినందుకు కడుపు మండిపోయింది. మర్నాడు దేముడమ్మ పంపిన చేపల పులుసుని గిన్నెతో సహా తిప్పి పంపేసింది. ఆ తర్వాత మాటల్లేవు.

నెల గడిచింది. గర్భిణులని చూసే రోజని హేమ సర్కారు ఆసుపత్రికి వెళ్లింది. వరండాలో బల్ల మీద దేముడమ్మ కూర్చుని ఉంది. హేమని చూసి లేవబోయి, మళ్లీ కూలబడింది. కళ్లనిండా నీళ్లు.

“ఇక్కడికీ ఎనకాలే వచ్చినావా? సేసింది సాల్లేదా?” అంది హేమ, మొహం తిప్పుకుని.

ఆమె జవాబిచ్చేలోగా నర్సమ్మ చేతిలో కార్డు చూసుకుంటూ గుమ్మంలోంచి కేకేసింది: “ఎవులమ్మా దేముడమ్మ, తొలిచూలు, నాలుగో నెల?”