పిసరంత ఆలస్యం

కొడుకు జోమార్ పందెం కారులో కంప్యూటర్ మళ్ళీ మారుస్తున్నారని తెలియగానే ఇరైడా చేతిలో పని వదిలేసి బయల్దేరింది. పొయ్యి ఆర్పానా లేదా అని దారిలో రెండుసార్లు అనుమానం వచ్చింది. వెనక్కి తిరగలేదు. ఇల్లు తగలబడితే మళ్ళీ కట్టుకోవచ్చు.

మెకానిక్ ఎలియెసెర్ షెడ్డులో ఆ పాత టొయోటా బానెట్ తెరిచి ఉంది. కొడుకు లేడు. ఏదో గొట్టం కొనడానికి పోన్సే పట్నం వెళ్ళాడట. ఆమెకు కావలసిందీ అదే.

ఎలియెసెర్ జోమార్‌కి జ్ఞానపిత. చర్చిలో బాప్తిస్మానికి ఆ బిడ్డను ఎత్తుకున్న నాటి నుంచి అతనికి ఈమె కొమాయ్, ఈమెకు అతను కొంపాయ్.

"నీ గుండె వాడి బండి కంటే జోరుగా కొట్టుకుంటోంది కొమాయ్. దానికీ ఓ కంప్యూటర్ బిగించమంటావా?" అన్నాడు.

ఆమె నవ్వలేదు.

ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో పెట్టిన బండికి కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ చాలదు. అది తనంతట తను ఊపిరి పీల్చుకునే ఇంజిన్ కోసం చేసింది. అందుకే రెండేళ్ల కిందట ఎలియెసెర్ దాన్ని పీకేసి వేరే డబ్బా పెట్టాడు. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పు ఎప్పుడు రాజేయాలో లాప్‌టాప్‌తో దానికి నేర్పాడు. అప్పుడే ఇరైడా వచ్చి, బండి జోరు తగ్గించమని అతని చేతులు పట్టుకుంది. ఆమె కోసం ఆ నిప్పును పిసరంత ఆలస్యం చేశాడు. టర్బో ముల్లు నిండుగానే చూపిస్తుంది, బండి బలం మాత్రం కొంత చచ్చిపోతుంది. పైన పాస్‌వర్డ్ పెట్టాడు. తన పని పక్కవాడు కాజేయకుండా ఏ మెకానిక్ అయినా పెట్టేదే గనుక జోమార్ అనుమానించలేదు.

అప్పటి నుంచి సలీనాస్ కార్ల పందెంలో ప్రతి ఆదివారం పావు మైలుకు తొమ్మిది సెకన్ల పైనే. తొమ్మిది లోపు రావాలని వాడి పంతం.

ఈసారీ అలాగే చేయమంటే ఎలియెసెర్ ససేమిరా అన్నాడు.

"తనకు నడపడమే చేతకావట్లేదా అని నన్నడుగుతున్నాడు. ఉన్న బలం వదిలితే రెండేళ్ల కిందటే ఎనిమిదిన్నరలో పోయేది ఈ బండి. ఇప్పుడు చూడు, బరువు తగ్గాలని ఏం చేశాడో."

ఆమె లోపలికి తొంగి చూసింది. బండి తిరగబడితే తల కాపాడే ఇనుప కడ్డీలు రెండు కోసేసి ఉన్నాయి. కోసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది.

అక్కడే టైరు మీద కూలబడింది. పోయిన ఏడు పందెంలో చనిపోయిన కొయామో ఊరి కుర్రాడి శవపేటిక మూత తల్లి అడిగినా తెరవలేదు. అదే కళ్ళ ముందు ఆడింది.

"వాడి పెట్టెకు ఓ మూల నువ్వు భుజం పడతావా, కొంపాయ్?"

ఎలియెసెర్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. కొత్త డబ్బాలోనూ నిప్పు ఆలస్యమైంది.

ఆదివారం మధ్యాహ్నం ఎండలో ఆమె కంచె పట్టుకుని నిలబడింది. బండి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. సగం దూరంలో వెనక భాగం పక్కకు ఊగింది. ఆమె కళ్ళు మూసేసుకుంది. తెరిచేసరికి బోర్డు మీద తొమ్మిది పాయింట్ సున్నా మూడు. బండి నాలుగు చక్రాల మీదే ఉంది. వాడు బతికే ఉన్నాడు.

వెనకనుంచి ఎవరో, బండికి ఎద్దును కట్టుకో జోమార్, అని వెటకారం చేశారు.

జోమార్ బండి దిగలేదు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకు కూర్చున్నాడు. ఆమె దగ్గరికెళ్ళి చెమటతో తడిసిన వాడి జుట్టు నిమిరింది. ఎప్పుడూ అనేదే మళ్ళీ అంది.

"చాల్లే నాన్నా. ఇంక వదిలెయ్."

"వదిలెయ్యాలనే కదమ్మా నా ఆరాటం," అన్నాడు జోమార్ తల ఎత్తకుండానే, "ఒక్కసారి తొమ్మిది లోపు వస్తే ఆ రోజే బండి అమ్మేసి మళ్ళీ జన్మలో ఎక్కనని, నీ ఏడుపు చూడలేక రెండేళ్ల కిందటే కార్మెల్ మాతకు మొక్కుకున్నాను."